పటంలో మాయమైన సరస్సు

పిల్లలూ! ముప్పై అయిదేళ్ళ కిందట నేను ఒక కుర్రవాడికి తప్పు జవాబు చెప్పాను. అది తప్పని నాకు తెలిసేసరికి వాడు బడి వదిలి ఎంతో కాలమయింది. ఆ తప్పును ఇవాళ మీ ముందు దిద్దుకుంటాను.

అప్పట్లో నేను ఎనిమిదో తరగతికి సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి. మా బడి బీరువాలో ఒక పాత బదరీ యాత్రాపటం ఉండేది. ఊళ్ళోవారెవరో ఏనాడో యాత్రకు వెళ్ళివచ్చి బడికి ఇచ్చారు. మడతల దగ్గర చిరిగిపోతే వెనక గుడ్డ అంటించి వాడుకునేవాళ్ళం. గంగానది పుట్టుక గురించి చెప్పేటప్పుడు దాన్ని గోడకు తగిలించేవాణ్ణి. ఒకసారి మా తరగతిలో ఒక కుర్రవాడి మేనమామ బదరీనాథ్ వెళ్ళి కొత్తపటం కొనుక్కొచ్చాడు. వాడు దాన్ని బడికి తెచ్చి, రెండు పటాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“మాస్టారూ! పాతపటంలో ఇక్కడ నీలంగా, పొడుగ్గా ఒకటి ఉన్నది. గోహనా తాల్ అని రాశారు. కొత్తదాంట్లో అదేచోట ఏమీ లేదేమండీ?” అని అడిగాడు.

‘తాల్’ అంటే ఆ ప్రాంతపు భాషలో సరస్సు. అంతవరకు నాకు తెలుసు. కాని ఆ గంటలో చెప్పవలసిన పాఠం ఇంకా సగం మిగిలి ఉన్నది. ఒకసారి ఇటూ అటూ చూసి, “అచ్చుతప్పు అయివుంటుందిరా. కొత్తపటం వేసినవాడు మరిచిపోయి ఉంటాడు” అన్నాను. వాడు “సరేనండీ” అని కూచున్నాడు. వాడి ముఖం చూస్తే మాత్రం నా మాట నమ్మినట్టు కనపడలేదు.

పదవీ విరమణ చేశాక నేనూ బదరీ యాత్రకు వెళ్ళాను. చమోలీ దాటి పీపల్‌కోటీ వెళ్ళే దారిలో బిరహీ అనే చిన్న ఊరి దగ్గర మా బస్సు ఆగింది. అక్కడ కుడిచేతివైపు లోయలోంచి బిరహీ గంగ అనే ఏరు వచ్చి అలకనందలో కలుస్తుంది. టీ తాగుతూ ఆ లోయకేసి చూస్తే పాతపటం జ్ఞాపకం వచ్చింది. టీ కొట్టు ఆయనను, నాకు వచ్చిన హిందీలో, “ఎగువన ఒక సరస్సు ఉండాలే?” అని అడిగాను.

“ఉండేది. మా నాన్న చిన్నప్పుడు దాంట్లో పడవలు తిరిగేవట. తెగిపోయింది” అన్నాడాయన.

తెగిపోయింది! అంటే అది అచ్చుతప్పు కాదు. పాతపటం నిజమే చెప్పింది, కొత్తపటమూ నిజమే చెప్పింది. తప్పు చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇంటికి వచ్చాక ఆ సరస్సు కథ వెతికి చదివాను. అది నేను అనుకున్నదానికంటే చాలా పెద్ద కథ.

1893 సెప్టెంబరు నాటికి అక్కడ సరస్సే లేదు. అంతకు ముందు గీసిన పటం ఏదైనా చూస్తే బిరహీ గంగ సన్నని నీలిగీతగా మాత్రమే కనిపిస్తుంది. ఆ నెలలో వానలు బాగా కురిశాయి. గోహనా అనే పల్లె దగ్గర ఒక కొండ పక్క విరిగి లోయలో పడింది. ఒక్కసారిగా పడి ఊరుకోలేదు, రోజుల తరబడి బండలూ మట్టీ దొర్లిపడుతూనే ఉన్నాయి. చివరికి లోయకు అడ్డంగా దాదాపు 900 అడుగుల ఎత్తున ఒక కట్ట లేచింది. మన నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు 400 అడుగులకు కొంచెం ఎక్కువ. అటువంటివి రెండు ఒకదానిమీద ఒకటి పెట్టినట్టు ఊహించుకోండి. ఏరు ఆగిపోయింది. వెనక నీరు నిలవడం మొదలుపెట్టింది.

ఇక్కడ ఒక్క మాట. వాన వెలిసిన తరువాత వీధి కాలువకు మీరెప్పుడైనా మట్టికట్ట కట్టారా? కట్టనివారు ఉండరనుకుంటాను. ముందు నీళ్ళు బుద్ధిగా నిలుస్తాయి. కట్ట అంచుదాకా వచ్చేవరకూ ఏమీ కాదు. అంచు దాటి ఒక్క సన్నటి ధార కిందికి జారిందా, అది వేలెడంత గాడి చేస్తుంది. గాడిలోంచి ఎక్కువ నీరు పోతుంది. ఎక్కువ నీరు పోతే గాడి ఇంకా లోతవుతుంది. చూస్తూండగానే కట్ట అంతా కొట్టుకుపోతుంది. మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ప్రతి చెరువుకీ కట్టకు ఒక చివర రాళ్ళతో గట్టిగా అలుగు కట్టారు. నీరు ఎక్కువయితే కట్టమీదుగా పోకుండా అలుగుమీదుగా పొర్లిపోతుంది. గోహనా దగ్గర కొండ కట్టిన కట్టకు అలుగు ఎక్కడిది?

అందువల్ల ప్రశ్న ఒక్కటే. ఆ సరస్సు ఎప్పుడు నిండుతుంది? దిగువన చమోలీ ఉన్నది, శ్రీనగర్ ఉన్నది (కాశ్మీరు శ్రీనగర్ కాదు, గఢ్వాల్ రాజుల పాత రాజధాని), హృషీకేశ్, హరిద్వారం ఉన్నాయి. నది ఒడ్డునే యాత్రికుల బాట.

పుల్ఫర్డ్ అనే ఇంజనీరు వెళ్ళి ఆ చోటు చూశాడు. లోయను కొలిచారు. ఏటి నీరు రోజుకు ఎంత వచ్చి చేరుతున్నదో లెక్కించారు. ఇది మీరు బడిలో చేసే తొట్టి లెక్కలాంటిదే. తొట్టికి 60 బిందెల నీరు పడుతుంది, గంటకు 5 బిందెల నీరు వస్తున్నది, ఎన్ని గంటల్లో నిండుతుంది? పన్నెండు గంటలని మీరు ఠక్కున చెబుతారు. కాని లోయ తొట్టిలా ఉండదు. గరాటులా అడుగున ఇరుకుగా, పైకి పోయేకొద్దీ వెడల్పుగా ఉంటుంది. మొదట్లో నీటిమట్టం గబగబా లేస్తుంది, తరువాత నెమ్మదిస్తుంది. దానికితోడు చలికాలంలో ఏరు సన్నబడుతుంది, వేసవిలో మంచు కరిగి లావవుతుంది, వానాకాలంలో పొంగుతుంది. ఇవన్నీ కలిపి లెక్కకట్టి, 1894 ఆగస్టు మధ్యలో నీరు కట్ట దాటుతుందని తేల్చారు. అప్పటికి ఇంకా నెలల వ్యవధి ఉన్నది.

ఆ వ్యవధిని వాళ్ళు వృథా చేయలేదు. నాకు ఈ కథలో బాగా నచ్చిన భాగం ఇదే. గోహనానుంచి హరిద్వారందాకా కొండలమీదుగా తంతి తీగ వేశారు. సరస్సు దగ్గర క్రూక్‌షాంక్ అనే చిన్న వయసు సైనిక ఇంజనీరును కాపలా పెట్టారు. నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో ఆయన చూసి కిందికి తెలియజేస్తూండాలి. దిగువ లోయలో కొండవాలుమీద గుర్తుస్తంభాలు కట్టించారు. “వరద వచ్చేటప్పుడు ఈ గుర్తుకు పైన ఉండండి, దిగువకు రావద్దు” అని చదువురానివాళ్ళకు కూడా తెలిసే ఏర్పాటు అది. వేలాడే వంతెనలు కొట్టుకుపోకుండా ముందే విప్పేశారు. శ్రీనగర్ ప్రజలను ఊరు ఖాళీ చేయించారు.

1894 ఆగస్టు 25 ఉదయం నీరు కట్ట అంచు దాటింది. పుల్ఫర్డ్ లెక్కకూ జరిగినదానికీ పది రోజులు తేడా! ఆ రాత్రి పదకొండున్నర ప్రాంతంలో కట్ట తెగింది. నాలుగున్నర గంటల్లో వెయ్యి కోట్ల ఘనపుటడుగుల నీరు లోయలోకి దూకింది. సరస్సు మట్టం 390 అడుగులు పడిపోయింది. శ్రీనగర్ పట్టణం, అందులోని పాత రాజభవనంతోసహా తుడిచిపెట్టుకు పోయింది. తరువాత ఆ ఊరిని ఎత్తయిన చోట మళ్ళీ కట్టుకున్నారు. మరునాడు హరిద్వారంలో గంగ పొంగింది.

మరి ఎంతమంది చనిపోయారనుకుంటున్నారు? అయిదుగురు. వాళ్ళంతా ఒక ఫకీరు, అతని ఇంటివాళ్ళు. అధికారులు వాళ్ళను అక్కడినుంచి పంపించివేసినా, మళ్ళీ తిరిగి వచ్చారు. అంత పెద్ద వరదలో మిగిలినవాళ్ళందరూ బతికారు.

కట్ట అంతా పోలేదు. కింది భాగం మిగిలింది. దాని వెనక కొంత సరస్సు కూడా మిగిలింది. మా బడి పాతపటంలోని నీలి మరక అదే. మా టీ కొట్టు ఆయన తండ్రి పడవలు చూసింది దాంట్లోనే. అది అలా 76 సంవత్సరాలు ఉన్నది. కాని ఉన్నంతకాలమూ అది మారుతూనే ఉన్నది. కొండ ఏరు ఊరికే నీరు మాత్రమే తేదు. ఇసుక తెస్తుంది, గులకరాళ్ళు తెస్తుంది, ఒండ్రు తెస్తుంది. పరుగెత్తే నీటికి మోసే బలం ఉన్నది. సరస్సులోకి రాగానే ఆ పరుగు ఆగిపోతుంది. పరుగు ఆగగానే నీరు తన మూట దించేస్తుంది. పెద్ద రాళ్ళు సరస్సు మొదట్లోనే, ఇసుక కొంచెం లోపల, సన్నని ఒండ్రు నడిమధ్య. ఏటేటా పూడిక పేరుకుపోతుంది. మన చెరువుల సంగతీ ఇంతేగదా! పైన అడవులు కొట్టివేస్తే మట్టి మరీ ఎక్కువగా దిగుతుంది. 1970 జూలైలో అలకనంద లోయ అంతటా పెనువరద వచ్చింది. ఆ వరదలో మిగిలిన సరస్సూ పోయింది. ఆ తరువాత వేసిన పటంలో మళ్ళీ సన్నని నీలిగీతే.

కనక ఆ లోయ పటం ఒకటి మీ చేతికి ఇచ్చి, ఏ సంవత్సరపుదో చెప్పమంటే చెప్పగలరా? సరస్సు ఉన్నట్టయితే 1893కూ 1970కీ మధ్యది. లేకపోతే 1893కు ముందుదో, 1970కి తరువాతదో అయివుండాలి. ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి ఇంకో గుర్తు వెతకాలి. మోటారు రోడ్డు గీసి ఉన్నదేమో చూడండి.

ఒక కొండ సరస్సు పుట్టడం, చావడం రెండూ మనుషుల కళ్ళముందే జరగడం అరుదు. సగం సగం మార్పులు మాత్రం చాలా చోట్ల చూడవచ్చు. నైనీతాల్ సరస్సు సంగతి తీసుకోండి. 1880 సెప్టెంబరు 18న, రెండు రోజుల ఎడతెగని వాన తరువాత, దానికి ఎగువన ఉన్న కొండ జారింది. 151 మంది చనిపోయారు. నైనాదేవి గుడి కూడా పోయింది. ఆ మట్టి పడి సరస్సు ఒక కొస పూడిపోయింది. అక్కడ ఉన్న మైదానం పెద్దదయింది. ఇప్పుడు పిల్లలు దాంట్లో క్రికెట్టూ హాకీ ఆడుతున్నారు. 1880కి ముందు పటమూ, తరువాత పటమూ పక్కపక్కన పెడితే ఒడ్డు గీత ముందుకు జరగడం కనిపిస్తుంది.

ఊటీ సరస్సు మరో రకం. అది కొండ కట్టింది కాదు, కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1823–25 ప్రాంతంలో కట్టించింది. మన తెలుగు జిల్లాలు చాలావరకు మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, వేసవి వస్తే దొరల కచేరీలన్నీ ఊటీకి ఎక్కేవి. పాతపటాల్లో ఆ సరస్సు ఇప్పటికంటే ఎంతో పొడుగ్గా ఉంటుంది. ఇప్పుడు బస్సు దిగే చోటూ, గుర్రప్పందేల మైదానమూ ఒకప్పుడు నీళ్ళే. అక్కడ సరస్సును తగ్గించింది పూడికా, మనుషులూ కలిసి. నిజం చెప్పాలంటే, నేను రెండుసార్లు ఊటీ వెళ్ళి ఆ బస్సు స్టాండులో గంటల తరబడి నిలబడ్డాను. కాలికింద సరస్సు ఉండేదని ఒక్కసారీ తోచలేదు.

ఇంతవరకూ తగ్గిపోయే సరస్సుల సంగతి చెప్పాను. దీనికి తలకిందులుగా పెరిగిపోయే సరస్సులు కూడా ఉన్నాయి. ఇప్పుడు హిమాలయాల్లో ఎక్కువ భయం వాటివల్లనే.

హిమాలయ శిఖరాలనుంచి మంచు గడ్డకట్టి, నదిలాగానే, చాలా నెమ్మదిగా కిందికి జారుతూంటుంది. దాన్ని హిమానీనదం అంటారు. అది తనతోపాటు రాళ్ళూ మట్టీ ఈడ్చుకువచ్చి కొసన గుట్ట పోస్తుంది. వాతావరణం వేడెక్కితే మంచు కరిగి హిమానీనదం వెనక్కి తగ్గుతుంది. ముందున్న గుట్ట మాత్రం అక్కడే ఉంటుంది. గుట్టకూ మంచుకూ మధ్య ఏర్పడిన ఖాళీలో నీరు నిలుస్తుంది. మంచు తగ్గినకొద్దీ సరస్సు పెరుగుతుంది. ఇదీ అలుగు లేని కట్టే!

నేపాల్‌లో ఎవరెస్టుకు దక్షిణంగా, 16 వేల అడుగులకు పైన, ఇమ్జా అనే సరస్సు ఉన్నది. 1950 తరువాతి సంవత్సరాల్లో పర్వతాలు ఎక్కేవాళ్ళు, పటాలు గీసేవాళ్ళు అక్కడికి వెళ్ళారు. ఆనాటి ఫోటోలు చూస్తే అక్కడ సరస్సన్నదే లేదు. హిమానీనదంమీద నాలుగైదు చిన్న మడుగులు మాత్రం ఉన్నాయి. ఆ మడుగులు ఒకదానితో ఒకటి కలిశాయి. ఇప్పుడది మైలుకు పైగా పొడుగున్న సరస్సు. దిగువన షేర్పాల పల్లెలు ఉన్నాయి. 2016లో నేపాల్ సైనికులు, ఊపిరాడని ఆ ఎత్తున పనిచేసి, గుట్టకు గండి కొట్టి కాలువ తవ్వారు. నీటిమట్టాన్ని 3.4 మీటర్లు దించారు. మన భాషలో చెప్పాలంటే, ఇమ్జాకు అలుగు కట్టారు.

అన్నిచోట్లా అంత పని జరగలేదు. సిక్కింలో దక్షిణ లొనాక్ అనే సరస్సు ఉన్నది. 1962లో ఆకాశంనుంచి తీసిన ఫోటోల్లో అది చెప్పుకోదగినంత లేదు. తరువాత తీసిన ఫోటోల్లో అంతకంతకు పెద్దదవుతూ వచ్చింది. అది ప్రమాదమని శాస్త్రజ్ఞులు చెబుతూనే ఉన్నారు. 2016లో గొట్టాలు వేసి కొంత నీరు తోడే ప్రయత్నం చేశారు. హెచ్చరిక యంత్రాలు పెట్టే పని 2023లో మొదలయింది గాని పూర్తి కాలేదు. ఆ సంవత్సరం అక్టోబరు 3 రాత్రి, సరస్సు పక్కనున్న రాళ్ళగుట్ట విరిగి నీళ్ళలో పడింది. పెద్ద అల లేచి కట్టను తెంచింది. తీస్తా నదిలో వరద వచ్చింది. చుంగ్‌థాంగ్ దగ్గర కట్టిన పెద్ద విద్యుత్తు ఆనకట్టే కొట్టుకుపోయింది. పదులకొద్దీ జనం చనిపోయారు. ఎంతోమంది జాడ తెలియలేదు.

ఆ సరస్సు ఎంత ఖాళీ అయిందో ముందుగా లెక్కకట్టి చెప్పింది ఎవరో తెలుసా? మన హైదరాబాదులో ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం. ఉపగ్రహాలు తీసిన చిత్రాలను అక్కడ పరిశీలిస్తారు. సెప్టెంబరు 28 నాటి చిత్రంలో సరస్సు వైశాల్యం సుమారు 167 హెక్టార్లు. అక్టోబరు 4 నాటి చిత్రంలో సుమారు 60 హెక్టార్లు. ఆరు రోజుల తేడాతో రెండు పటాలు! మా కుర్రవాడు మూడు దశాబ్దాల కిందట బడి బల్లమీద చేసిన పనే అది. రెండు పటాలు పక్కపక్కన పెట్టి, “ఇక్కడ ఉన్నది అక్కడ లేదేం?” అని అడగడం.

నాకు ఒక సంగతి మనసులో మెదులుతూంటుంది. 1894లో విమానాలు లేవు, ఉపగ్రహాలు లేవు. తంతి తీగా, కొలతబద్దా, గుర్తుస్తంభాలూ ఉన్నాయి. లోయ ఖాళీ అయింది. 2023లో సరస్సు పెరగడాన్ని ఆకాశంనుంచి ఏళ్ళ తరబడి చూశాము. కింద ఊళ్ళవాళ్ళు నిద్రపోతూనే ఉన్నారు. రెండు కథలూ ఒకటే కాదనుకోండి. గోహనా నిండటానికి దాదాపు సంవత్సరం పట్టింది, లొనాక్ గుట్ట ఒక్క రాత్రిలో కూలింది. అయినా ఈ పోలిక నన్ను వదలదు.

పాతపటాలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పాలి. పటంలో సరస్సు చిన్నదిగా ఉన్నంతమాత్రాన నిజంగా చిన్నదని అనుకోకండి. కొలిచింది వేసవిలోనా, వానలు వెలిశాకనా అన్నది చూసుకోవాలి. కొన్నిచోట్ల సర్వేవాళ్ళు అంత ఎత్తుకు ఎక్కలేక దూరంనుంచి చూసి గీసినవి కూడా ఉంటాయి. పటం అడుగున మూలలో చిన్న అక్షరాలతో రెండు సంవత్సరాలు వేసి ఉండవచ్చు. ఒకటి కొలిచిన సంవత్సరం, రెండోది అచ్చువేసిన సంవత్సరం. మనకు కావలసింది మొదటిది. నిజమైన అచ్చుతప్పులు కూడా అప్పుడప్పుడు ఉంటాయి. కాని ఆ మాట అన్నిటికంటే చివర అనాలి. నేను మొట్టమొదటే అన్నాను.

ఆ పాతపటం ఇప్పుడు లేదు. బడి కొత్త భవనంలోకి మారినప్పుడు ఎక్కడో పోయింది. ఆ కుర్రవాడు ఎక్కడ ఉన్నాడో కూడా నాకు తెలియదు. యాభైకి దగ్గర పడి ఉంటాడు. పిల్లలూ ఉండి ఉంటారు. వాళ్ళలో ఎవరైనా ఈ పత్రిక చదువుతూంటే, మీ నాన్నను అడగండి, ఎనిమిదో తరగతిలో బదరీ పటం బడికి తెచ్చాడేమో. తెచ్చానంటే మాస్టారు చెప్పమన్నారని చెప్పండి: గోహనా తాల్ అచ్చుతప్పు కాదు.